ఉల్లి ధర, ఏటి నీళ్లు, తుగ్గలి వజ్రం: కర్నూలు లోకల్ వార్తలకు మూడు పరీక్షలు

కర్నూలులో ఒక ఇంటికి లోకల్ వార్త ఇప్పుడు మూడు దారుల్లో వస్తోంది. పొద్దున్నే పేపరులో పెట్టి ఇచ్చే జిల్లా టాబ్లాయిడ్ ఒకటి, ఫోన్లో నాలుగైదు లైన్లలో వార్త చెప్పే యాప్ ఒకటి, ఊరి పేరుతో నడిచే యూట్యూబ్ ఛానెలూ దాని వాట్సాప్ గ్రూపూ ఒకటి. ఈ సమీక్ష ఏదో ఒక సంస్థ మీద కాదు, ఈ మూడు రకాల సేవల మీద. మూడింటికీ తూకపురాయి ఒకటే: వార్త రాసినవాళ్లు ఆ చోటికి వెళ్లారా, అంకె ఎవరిచ్చారో చెప్పారా, తప్పని తేలితే మళ్లీ దొరుకుతారా.

మొదట ఉల్లి. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిని క్వింటా లెక్కన అమ్ముతారు. రోజూ మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అదే మోడల్ ధర. రైతుకు పనికొచ్చేది ఇదొక్కటే. యాప్‌లో హెడ్డింగు మాత్రం గరిష్ఠ ధరతోనే వస్తుంది, పెద్ద అంకె కనిపిస్తేనే వేలు ఆగుతుంది కాబట్టి. ఆ ధర బాగా ఆరిన, సైజున్న ఒకటి రెండు లాట్లకే పలికి ఉండొచ్చు. అది చూసి కోడుమూరు, గూడూరు మండలాల నుంచి పచ్చి గడ్డను లారీకెత్తితే బాడుగ కూడా చేతి నుంచే పడుతుంది. జిల్లా టాబ్లాయిడ్ ఇక్కడ నయం. మూడు ధరలూ వేస్తుంది, చాలాసార్లు యార్డుకు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో కూడా వేస్తుంది. అనంతపురం వార్తల్లో చూసుకోవాల్సింది యూనిట్లు. కక్కలపల్లిలో టమాటా 15 కిలోల బాక్సు లెక్క, చీనీకాయలు టన్ను లెక్క. యూనిట్ రాయని ధరను ధరగా తీసుకోకూడదు. అనుమానం వస్తే కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఆ మార్కెట్, ఆ తేదీ కొట్టి సరిచూసుకోవచ్చు.

ధర చెప్పడంతో పని అయిపోదు. 2025 సీజన్లో ఉల్లి ధర పడిపోయినప్పుడు క్వింటా 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన అందరూ వేస్తారు. ఆ తర్వాత అడగాల్సినవి వేరు: ఏ రోజు ఎన్ని లాట్లు కొన్నారు, నాణ్యత లేదని ఎన్ని పక్కన పెట్టారు, డబ్బు ఎన్ని రోజులకు ఖాతాలో పడింది. డెస్కు భాషలో దీన్నే ఫాలోఅప్ అంటారు. పత్రిక పనికి ఇదే వెన్నెముక. ఫాలోఅప్ చేసే ఓపిక ఇప్పటికీ పేపరు విలేకరికే ఎక్కువ. యాప్‌లో నిన్నటి వార్త కిందికి జారిపోతుంది, దానికి రెండో భాగం ఉండదు.

రెండో పరీక్ష నది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ఒక్క గేటు నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు పోయాయి. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తారు. 2009 అక్టోబరు 2న మునిగిన ఊరు కర్నూలు. ఇలాంటి ఊళ్లో "డ్యాం గేటు కొట్టుకుపోయింది" అనే ముక్క చాలు, గుండె జారిపోవడానికి. అక్కడ పాఠకుడికి కావలసినవి నాలుగు అంకెలు: డ్యాం నుంచి మొత్తం ఎంత వదులుతున్నారు, కర్నూలుకు ఎగువనున్న సుంకేసుల బ్యారేజీకి ఎంత చేరింది, అక్కడి నుంచి కిందికి ఎంత పోతోంది, ఆ లెక్క ఎన్ని గంటలకు తీసింది. డ్యాం దగ్గర వదిలిన నీళ్లు మంత్రాలయం దాటి, సుంకేసుల దాటి కర్నూలు రావాలి. వరద వార్తలో టైము లేకపోతే మిగతా అంకెలకు విలువ లేదు.

ఈ పరీక్షలో పేపరు ఓడిపోతుంది. జిల్లా పేజీలు మెయిన్ పేజీల కంటే ముందే ప్రెస్సుకు వెళ్తాయి, అర్ధరాత్రి జరిగింది వాటిలో ఎక్కదు. వేగంలో యాప్ గెలుస్తుంది. యూట్యూబ్ ఛానెల్ ఏటి ఒడ్డుకు వెళ్లి లైవ్ పెడితే దానికి సాటి లేదు, కేసీ కెనాల్ మొదట్లో నీళ్లెంత ఉన్నాయో కళ్లతో చూడొచ్చు. కానీ వాట్సాప్ గ్రూపుల్లో పాత వరద ఫొటోలు తిరిగేదీ సరిగ్గా ఆ రాత్రే. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికితే అది అంతకుముందు ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది, పట్టేది అర నిమిషం. గ్రూపు నడిపేవాళ్లు చేయాల్సిన పని అది. వాళ్లు చేయకపోతే చూసేవాళ్లు చేసుకోక తప్పదు.

మూడోది వజ్రం. ముగ్గురూ తప్పే పరీక్ష ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తొలకరి పడి ఎర్రనేల కడుక్కుపోగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, అటు వజ్రకరూరు చేలల్లోకి జనం వెతకడానికి వస్తారు. వజ్రాలు దొరకడం అబద్ధం కాదు. వార్త రాసే తీరే అబద్ధానికి దగ్గరగా ఉంటుంది. కూలీకి రాయి దొరికిందని, వ్యాపారి గుట్టుగా కొన్నాడని, ధర ఇన్ని లక్షలని, కొన్నిసార్లు కోటి దాటిందని రాస్తారు. బరువు ఎన్ని క్యారెట్లో ఉండదు. వజ్రం ధర బరువు, రంగు, లోపల మచ్చలు, కోత మీద ఆధారపడుతుంది. సానబట్టని రాయికి బరువు కూడా చెప్పకుండా ధర చెబితే ఆ అంకెకు ఆధారమే లేనట్టు. కొన్నవాడి మాట ఉండదు, అమ్మినవాడి మాట ఉండదు. "స్థానికులు చెబుతున్నారు" అని ఉంటుంది. హెడ్డింగులో దొరికిందని ఖాయం చేసి, చివరి లైనులో "ప్రచారం జరుగుతోంది" అని తప్పించుకుంటారు. హెడ్డింగు మాత్రమే చదివేవాళ్లే ఎక్కువని డెస్కుకు బాగా తెలుసు.

దీని నష్టం రైతుది. ఆ వార్త చూసి పక్క జిల్లాల నుంచి జనం దిగుతారు, విత్తనం వేసిన చేను తొక్కుడవుతుంది, కాపలా ఖర్చు రైతు మీద పడుతుంది. మంచి వార్తకు ఏం చేయాలో కష్టమైన సంగతి కాదు: దొరికిందన్న మనిషితో మాట్లాడాలి, బరువు అడగాలి, పోలీస్ స్టేషన్‌కో తహసీల్దారు ఆఫీసుకో తెలుసా అని అడగాలి. ఏదీ తేలకపోతే హెడ్డింగులోనే "ప్రచారం" అని పెట్టాలి. తొక్కుడుపడిన చేను రైతును కూడా మాట్లాడించిన వార్త కనిపిస్తే ఆ విలేకరి పేరు గుర్తుపెట్టుకోవచ్చు.

విలేకరి మీదే బరువంతా వేయడం కూడా న్యాయం కాదు. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక మండలానికో విలేకరి వచ్చాడు, తాగునీటి ట్యాంకు కూడా వార్త అయింది. అది పెద్ద మేలు. కానీ ఆ విలేకరుల్లో చాలామందికి నెల జీతం లేదు, రాసిన కొలతకు డబ్బు, దాని మీద యాడ్ టార్గెట్. పండక్కి శుభాకాంక్షల యాడ్ ఇచ్చిన నాయకుడి మీద మర్నాడు వార్త రాయాలి. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకుని వేసే వార్తల మీద, పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో కమిటీ వేసింది, ఒకరు జర్నలిస్టు పరంజోయ్ గుహ ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి. యూట్యూబ్ ఛానెళ్లలో అదే రోగం ఇంకా ముదిరింది: ఆసుపత్రి ఓపెనింగు వీడియో వార్తో యాడో ఎక్కడా రాయరు.

జవాబుదారీ విషయంలో పేపరే గట్టిది. ఏ పేపరులోనైనా ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు పేర్లు, అచ్చేసిన చోటు ఉంటాయి. ఇది చట్టం అడిగే లైను. 1867 నాటి పాత చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఎడిటరు బాధ్యత పోలేదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక రాతలకు రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లాడు. పత్రిక మీద పేరు ఉండడమంటే అంత బరువు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ పేరు "న్యూస్ 1" అని ఉంటే తప్పు ఎవరితో చెప్పుకోవాలి?

పేపరులో తప్పు పడితే మొదట ఎడిటరుకు రాతపూర్వకంగా రాయాలి. కదలిక లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు: దినపత్రికైతే అచ్చయిన 2 నెలల లోపు, క్లిప్పింగు, దాని ఇంగ్లీషు అనువాదం, ఎడిటరుకు రాసిన లేఖ నకలు, ఈ విషయం మీద కోర్టులో కేసు లేదన్న డిక్లరేషన్‌తో. చాలా ఫిర్యాదులు అనువాదం లేకో, ఎడిటరుకు ముందు రాయకో ఆగిపోతాయి. కౌన్సిల్ మందలించగలదు, జరిమానా వేయలేదు. యూట్యూబ్ వార్తలు దాని పరిధిలోకి రావు.

ఐదుకు మార్కులు: జిల్లా టాబ్లాయిడ్‌కు మూడున్నర, యాప్‌కు రెండు, యూట్యూబ్‌కు రెండున్నర. సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజునూ, మున్సిపల్ కౌన్సిల్ సమావేశాన్నీ కోత లేకుండా పూర్తిగా చూపించే ఛానెలైతే నాలుగు వేయొచ్చు. రైతు ఇంటికి పేపరు, అగ్‌మార్క్‌నెట్ చాలు. తుంగభద్ర, హంద్రీ ఒడ్డు కాలనీల్లో ఉన్నవాళ్లకు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా యాప్ నోటిఫికేషన్ ఆన్‌లో ఉండాలి, సుంకేసుల అంకె పక్కన టైము ఉంటేనే నమ్మాలి.