పద్నాలుగు మందిని భద్రతా శిక్షణకు పంపాను: ఒక చిన్న కాంట్రాక్టరు సమీక్ష

గత వేసవిలో మా సైట్లలో పనిచేసే పద్నాలుగు మందిని నిర్మాణ కార్మికుల భద్రతా శిక్షణకు పంపించాను. అది మూడు రోజుల శిక్షణ. అందులో రెండు రోజులు నేను కూడా వెనక బెంచీలో కూర్చున్నాను. షెడ్డు, శిక్షకులు, పరికరాలు బిల్డర్ల సంఘం సమకూర్చింది. భోజనం ఖర్చు, కూలి పరిహారం, చివరన ఇచ్చే ధ్రువపత్రం ప్రభుత్వం వైపు నుండి వచ్చాయి. ఇటువంటి ఉమ్మడి కార్యక్రమాల గురించి ఒప్పందాలపై సంతకాల ఫొటోలు, ప్రారంభోత్సవ వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి గాని, అక్కడికి మనుషుల్ని పంపిన వాడికి ఏం దక్కిందో రాసిన వారు నాకు కనిపించలేదు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలలో కొన్ని వారివి, కొన్ని ఈ ఏర్పాటువి, ఒకటి మాత్రం అచ్చంగా నాది.

బ్యానరు మీద ‘ఉచిత శిక్షణ’ అని పెద్ద అక్షరాలతో రాశారు. అది చూసి నాకు కొంచెం నవ్వొచ్చింది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల సెస్సు చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సంక్షేమ నిధికి జమ చేయవలసి ఉండేది. సొంతంగా ఉండడానికి పది లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి మాత్రం అప్పట్లో మినహాయింపు ఉండేది. నాలుగు కోట్ల భవనానికి నాలుగు లక్షలన్న మాట. కనుక ఈ చదువుకు ఫీజు మేము ముందే కట్టాము. ఆ డబ్బు దేశమంతటా ఎంత పోగుపడి ఎంత ఖర్చయిందో 2018లో సుప్రీంకోర్టు తన తీర్పులో చెప్పింది: వసూలైనది 37,400 కోట్ల రూపాయలకు పైగా, కార్మికుల కోసం ఖర్చయినది సుమారు 9,500 కోట్లు. ఈ లెక్క తెలిసిన వాడిగా, ఆ నిధిలో నుండి ఎంతో కొంత కార్మికుడి భోజనంలోకి, కూలి పరిహారంలోకి రావడాన్ని నేను తేలికగా తీసుకోను.

ప్రభుత్వం, కాంట్రాక్టర్లు కలిసి కార్మికులకు నేర్పించడం మన దగ్గర కొత్త విషయమేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ ‘న్యాక్’ అని పిలిచేది, 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ నిర్మాణ రంగమూ కలిసి పెట్టుకున్నదే. ప్రభుత్వ పనుల బిల్లులు చేసేటప్పుడు దాని పేరిట కొద్దిపాటి మొత్తం మినహాయించడం ఈ వృత్తిలో ఉన్న వారందరికీ తెలిసిన సంగతి. నేను సమీక్షిస్తున్నది దాని శిక్షణను కాదు. ఇది అంతకంటే చాలా చిన్నది, పని మీద ఉన్న కూలీని మూడు రోజులు బయటికి తీసి తిరిగి పంపేది.

నా బోటి వాడికి ఇది ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. 1996 నాటి కార్మిక చట్టం భద్రతా కమిటీని, భద్రతాధికారిని తప్పనిసరి చేసింది 500 మంది, అంతకు మించి పనిచేసే చోట మాత్రమే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ నిర్మాణ రంగంలో భద్రతాధికారి ఉండవలసిన పరిమితిని 250కి తగ్గించింది. మంచిదే. అయితే ఐదంతస్తుల అపార్టుమెంటు కట్టే నా సైటులో స్లాబు పోసే రోజున కూడా యాభై మంది దాటరు. పెద్ద కంపెనీల టవర్లలో ఆకుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని తిరిగే అధికారి ఒకరుంటారు; మా దగ్గర ఆ పని మేస్త్రి చేయాలి, లేదా ఎవరూ చేయరు. కాబట్టి చిన్న సైటుకు అందే భద్రతా పరిజ్ఞానం ఏదైనా ఉంటే అది ఇటువంటి ఉమ్మడి శిక్షణ ద్వారానే అందాలి.

మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉదయం గంటన్నర ప్రసంగాలతో పోయింది. తరువాత తెర మీద బొమ్మలు వేసి చట్టాలు, హక్కులు, ప్రథమ చికిత్స, మంటలు ఆర్పడం వరుసగా చెప్పుకుంటూ పోయారు. శిక్షకుడు తెలుగు, హిందీ కలిపి మాట్లాడాడు. నేను పంపిన వారిలో ఇద్దరు ఒడియా కుర్రాళ్లకు రెండూ అంతంత మాత్రమే. భోజనానంతరం సగం మంది కునుకు తీశారు, వారిని తప్పు పట్టలేను.

రెండో రోజు పూర్తిగా వేరు. షెడ్డు బయట ఇనుప పైపులతో నాలుగున్నర మీటర్ల ఎత్తున ఒక మంచె కట్టి ఉంచారు. ఎనభై కిలోల ఇసుక మూటకు హార్నెస్సు, అంటే పై నుండి పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీల బెల్టు, తొడిగి, దాని వెనక ఉండే తాడును, అంటే ల్యాన్‌యార్డును, మంచె పలకల పక్కన, మనిషి నిలబడితే పాదాలుండే ఎత్తులో ఉన్న అడ్డ పైపుకు తగిలించారు. స్లాబు పోయడానికి కింద అచ్చు పలకలు బిగించే మా సెంట్రింగు వాళ్లు బెల్టు కట్టుకున్నప్పుడు చేసేది సరిగ్గా ఇదే: కాలి దగ్గర ఏ పైపు దొరికితే దానికి హుక్కు వేసి, కట్టుకున్నామన్న తృప్తితో పనిలోకి దిగడం. శిక్షకుడు మూటను తోశాడు. తాడు బిగిసింది, దెబ్బను తట్టుకునే పొర చిరుగుతూ సాగింది, అయినా మూట దబ్బుమని నేలను తాకి పక్కకు ఒరిగింది. ఎవరూ మాట్లాడలేదు.

తరువాత ఆయన సుద్దముక్కతో నేల మీద లెక్క వేశాడు. తాడు పొడవు 1.8 మీటర్లు, దెబ్బను తట్టుకునే పొర పూర్తిగా విప్పుకుంటే మరో 1.75 మీటర్ల వరకు సాగవచ్చు. వీపు మీది కొక్కెం నుండి పాదాల వరకు మనిషి ఒకటిన్నర మీటరు. కింద ఒక మీటరు ఖాళీ మిగలాలి. మొత్తం ఆరు మీటర్లు దాటింది. ‘మీ అంతస్తు ఎత్తు ఎంత?’ అని అడిగాడు. మూడు మీటర్లని అందరికీ తెలుసు. రెండో మూటను తలకంటే ఎత్తున్న పైపుకు తగిలించి తోసినప్పుడు అది జానెడు కిందికి దిగి, గాలిలో ఊగుతూ నిలిచింది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. బెల్టు కట్టుకున్నాడా లేదా అనే చూశాను గాని, ఎక్కడ కట్టుకున్నాడనేది ఇంత స్పష్టంగా ఎవరూ నాకు చూపలేదు. ఈ ఒక్క అరగంట కోసమైనా శిక్షణకు పంపవచ్చునని నా అభిప్రాయం.

వేలాడుతున్న మనిషిని వెంటనే కిందికి దించకపోతే తొడల దగ్గరి పట్టీలు రక్తప్రసరణను అడ్డుకుని ప్రాణం మీదికి తెస్తాయన్న సంగతి కూడా ఆయన చెప్పాడు. కాళ్లు ఆనించుకోవడానికి తాడుతో ఉచ్చు ఎలా వేయాలో చేసి చూపించాడు. మా వాళ్లలో చాలా మంది అది నేర్చుకున్నారు.

అప్పుడే పాలమూరు వైపు నుండి వచ్చిన సెంట్రింగు కార్మికుడు ఒకరు లేచి అడిగిన ప్రశ్న ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం. ‘అంత బాగనే ఉన్నది సార్, మా సైటుల తల మీద ఏముంటది? ఆకాశమే ఉంటది. ఈ హుక్కు దేనికి తగిలియ్యాలె?’ అన్నాడు. శిక్షకుడు ఒక్క క్షణం ఆగి, అది మీ సైటు వాళ్లను అడగాలి అన్నాడు. ఆ సైటు వాడిని నేనే. వెనక బెంచీలో ఉన్నాను. నా దగ్గర జవాబు లేదు.

ఈ భాగస్వామ్యం ఎక్కడ ఆగిపోతుందో ఆ ప్రశ్న చూపింది. పరిశ్రమ శిక్షకుడిని ఇచ్చింది, ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, కార్మికుడు నేర్చుకున్నాడు. కానీ నేర్చుకున్న దానిని తగిలించుకోవడానికి కావలసిన ఆధారం సైటులో ఉండాలి, దానిని పెట్టే బాధ్యత కాంట్రాక్టరుది, కాంట్రాక్టరుకు మాత్రం ఈ మూడు రోజుల్లో ఒక్క పాఠమూ లేదు. ఆధారం అంటే ఏదో ఒక పైపు కాదు. అమెరికా నిబంధనల ప్రకారం ఒక్కో మనిషికి 5,000 పౌండ్ల భారాన్ని, అంటే దాదాపు 2,270 కిలోలను మోయగలిగినదై ఉండాలని ఆ శిక్షకుడే చెప్పాడు. పరంజా కర్రకు, పిట్టగోడ ఇటుకకు, కాంక్రీటు పోయని చువ్వకు ఆ బలం ఎక్కడిది? పిల్లరు నుండి పిల్లరుకు ఉక్కు తాడు లాగి లైఫ్‌లైన్ కట్టాలంటే ఆ ఆలోచన సెంట్రింగు మొదలు కాకముందే, డ్రాయింగు దగ్గరే జరగాలి.

ఆడవాళ్ల విషయంలో మాత్రం నిర్వాహకులను సమర్థించలేను. పద్నాలుగు మందిలో నలుగురు స్త్రీలు. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని తట్టలు మోసే వారికి కాళ్ల మధ్య నుండి పట్టీలు బిగించే హార్నెస్సు ఎలా వేస్తారని నేను మొదటి నుండీ చూస్తున్నాను. వేయలేదు. ‘మీరు ఎత్తు పని చేయరు కదమ్మా’ అని పక్కన కూర్చోబెట్టి, సైటు శుభ్రత మీద అరగంట మాట్లాడి పంపించారు. నిజానికి తట్ట నెత్తిన ఉన్నప్పుడు కాళ్ల ముందు ఏముందో కనపడదు. లిఫ్టు గుంతలు, డక్టు ఖాళీలు, మెట్లకు చేతిపట్టీ లేని అంచులు వాళ్లకు మిగతా వారికంటే ఎక్కువ ప్రమాదం. వాళ్లకు కావలసిన పాఠం, ఖాళీల మీద మూత వేయించడం, మూత లేకపోతే ఆ దారిన నడవనని చెప్పగలగడం. దానికి ప్రత్యేక పరికరమేమీ అక్కరలేదు. బూట్లు కూడా ఎనిమిది నుండి పది సైజులే తెచ్చారు. ఆ నలుగురూ చెప్పులతోనే తిరిగి వచ్చారు.

మూడో రోజు తవ్వకాల గురించి, కరెంటు గురించి చెప్పారు. ఒకటిన్నర మీటరుకు మించి లోతున్న గుంతకు పక్కలకు ఆధారం ఉండాలని, తవ్విన మట్టిని అంచునే పోయకూడదని చెప్పి, ఇసుక గుట్టలో చిన్న గుంత తీసి, అంచు మీద బరువు పెట్టి కూలిపోవడం చూపించారు. సెల్లారు తవ్వే వారందరూ చూడవలసినది. కరెంటు భాగం తొందరగా ముగిసింది. కాంక్రీటును కుదించే వైబ్రేటరు వైరు తడి స్లాబు మీద పాకుతూ ఉండే దృశ్యం రోజూ చూసే మాకు, లీకేజీని పసిగట్టి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కరెంటును ఆపేసే బ్రేకరు గురించి ఇంకొంచెం చెప్పి ఉండవలసింది.

కూలి పరిహారం సంగతి. శిక్షణ జరిగిన మూడు రోజుల కూలిని ఖాతాల్లో వేస్తామన్నారు. లేబరు కార్డు, అంటే సంక్షేమ నిధి కింద కార్మికుడిగా నమోదైన కార్డు, ఉన్న తొమ్మిది మందికి ఏడు వారాల తరువాత పడింది. కార్డు లేని ఐదుగురికి పడలేదు, నేనే ఇచ్చాను. కార్డు రావాలంటే గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపాలి. అడ్డా మీద నిలబడి రోజుకొక సైటుకు వెళ్లే మనిషికి ఆ లెక్క ఎవరు రాసిస్తారు? రోజు కూలి మీద బతికేవాడికి శిక్షణ ఉచితం కాదు, మూడు రోజుల సంపాదన. ఆ మాట నమోదు రోజే స్పష్టంగా చెప్పి ఉంటే బాగుండేది.

ఆరు నెలల తరువాత మా సైటులో మిగిలింది ఏమిటని అడిగితే, ఆ పద్నాలుగు మందిలో ఐదుగురు వేరే పనులకు వెళ్లిపోయారు. ఉన్న వారు హుక్కు కాలి దగ్గర వేయడం మానేశారు, అది నిజమైన మార్పు. కానీ పని వేగం మేస్త్రి చేతిలో ఉంటుంది, ఆ మేస్త్రి శిక్షణకు రాలేదు. స్లాబు రోజుకు ముందు సెంట్రింగు ముగించాలన్న తొందరలో ‘బెల్టు కట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటే పని ఎప్పటికైతది’ అని ఆయన అంటే, ధ్రువపత్రం ఉన్న కార్మికుడు కూడా బెల్టు పక్కన పెట్టేస్తాడు. అమెరికాలో 2014 నుండి ఏటా ప్రభుత్వ భద్రతా సంస్థ, నిర్మాణ రంగ సంస్థలు కలిసి నడిపే ‘స్టాండ్‌డౌన్’ పద్ధతి నాకు ఇక్కడ గుర్తుకు వస్తుంది. అక్కడ సైటులోనే పని ఆపి, పై నుండి పడిపోయే ప్రమాదాల గురించి అందరూ కలిసి మాట్లాడుకుంటారు. యజమాని, ఫోర్‌మన్, కూలీ ఒకేచోట నిలబడి అదే లైఫ్‌లైనును, అదే ఖాళీని చూస్తారు. మన శిక్షకుడు ఆ మంచెను, ఆ ఇసుక మూటను లారీలో వేసుకుని సైటుకే వస్తే, మూడు రోజుల్లో సగం పని ఒక్క ఉదయంలో అవుతుందని నా నమ్మకం.

ఐదు మార్కులకు నేను మూడు ఇస్తాను. రెండో రోజు శిక్షకుడికి విడిగా ఇవ్వమంటే ఐదూ ఇస్తాను. పంపదలచిన వారు తమ వారికి లేబరు కార్డులున్నాయో లేదో ముందే చూసుకోండి, ఆడవాళ్ల బూట్ల సైజులు ఫోనులో చెప్పండి, కుదిరితే మీ సైటు ఇంజనీరును కూడా కూర్చోబెట్టండి.

మొన్న నాలుగో అంతస్తు స్లాబుకు ముందు పిల్లర్ల మధ్య ఉక్కు తాడు లాగించాను. ఎక్కడ, ఎంత బిగువున కట్టాలో చెప్పడానికి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించవలసి వచ్చింది. వచ్చే జట్టుకు పేర్లు పంపమని సంఘం నుండి ఫోను వచ్చింది. మేస్త్రి పేరు మొదట రాశాను. ‘మూడు రోజుల కూలి ఎవరిస్తరు సార్?’ అని ఆయన అడిగాడు. నేనే ఇస్తానని చెప్పాను.