ల్యాబా, జ్యామా, పేపరా? ఇంజనీరింగ్ పిల్లలకి ఇంగ్లీష్ నోట్లోంచి రావాలంటే ఏది మేలు

ఫస్టియర్ బీటెక్ వాళ్ళకి ఇంగ్లీష్ చెప్పటం మొదలెట్టి పదకొండేళ్ళయింది, కొత్త బ్యాచ్ దిగిన ప్రతిసారీ స్టాఫ్ రూమ్‌లో ఇదే గొడవ. ఒకరేమో ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ ఉందిగా కూర్చోబెట్టండి అంటారు, ఇంకొకరు జ్యామ్‌లు (జస్ట్ ఎ మినిట్, అంటే ఇచ్చిన టాపిక్ మీద ఒక్క నిమిషం మాట్లాడటం), గ్రూప్ డిస్కషన్లు పెడితే అదే వస్తుంది అంటారు, నేనేమో ముందు పేపర్ లాంటివి చదివిద్దాం అంటాను, అప్పుడు ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వుతారు. ఈ మూడూ నేను చేసి చూసినవే కాబట్టి నాకు అర్థమైంది చెప్తా, మీ అనుభవం వేరేగా ఉంటే సరే.

ముందు పిల్లలెవరో చెప్పాలి. నా సెక్షన్లో అరవై మంది, ఇంటర్ రెండేళ్ళూ ఇంగ్లీష్ పీరియడ్ వస్తే ఆ గంట కూడా మ్యాథ్స్‌కో ఫిజిక్స్‌కో పోయిన వాళ్ళే ఎక్కువ. గ్రామర్ బిట్లు పెడతారు, ప్యాసేజీ ఇస్తే ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతికి ఆ లైను దించేస్తారు, మార్కులు కూడా పడతాయి. కానీ ఆ రాసినాయన చెప్పేది నిజమేనా అని అడిగితే మాత్రం బుక్కులో ఉంది కదా మేడమ్ అంటారు.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఫస్టియర్ ఇంగ్లీష్ ల్యాబ్ రెండు ముక్కలు, ఒకటి కంప్యూటర్ల ముందు కూర్చుని వినేది, ఇంకోటి మాట్లాడించేది. వినే దాంట్లో 44 ధ్వనులు, అంటే 20 అచ్చులు 24 హల్లులు, తర్వాత స్ట్రెస్, అంటే మాటలో ఏ ముక్క నొక్కి పలకాలో, ఇంటొనేషన్, అంటే గొంతు ఎక్కడ లేపాలో ఎక్కడ దించాలో. ఇది పనికిరాదని నేను అనను. మన నోట్లో పడ్డ ఇంగ్లీష్ మాట చివర ఓ ఉకారం తగిలించుకునే బయటికొస్తుంది, బస్సు, బుక్కు, రోడ్డు. ఫోటోగ్రాఫ్‌లో బరువు మొదటి ముక్క మీద పడుతుంది, ఫొటోగ్రఫీలో రెండో ముక్క మీదకి జరుగుతుంది, ఇది బోర్డు మీద రాస్తే ఎవరికీ ఎక్కదు, మెషీన్ అయితే ఇరవై సార్లు విసుక్కోకుండా వినిపిస్తుంది. ఇంకోటి, కొన్ని కంపెనీలు పెట్టే వెర్సాంట్ లాంటి టెస్టులో మనిషే ఉండడు, ఒక వాక్యం వినిపించి తిరిగి చెప్పమంటుంది, మార్కులు కూడా కంప్యూటరే వేస్తుంది, దానికి ల్యాబ్ ప్రాక్టీస్ బాగా పనికొస్తుంది. అంతవరకే. హెడ్‌ఫోన్ పెట్టుకుని రిపీట్ చేసిన పిల్ల బయటికొచ్చి క్యాంటీన్లో ఇంగ్లీష్‌లో ఒక్క ముక్క మాట్లాడటం నేను చూళ్ళేదు, ఎందుకంటే ల్యాబ్‌లో తను ఎవరితోనూ ఏదీ చెప్పలేదు కదా. హెడ్‌ఫోన్లలో సగం ఒక చెవికే పనిచేస్తాయి, అది వేరే బాధ.

జ్యామ్ దగ్గరికొస్తే, ఇది అసలు బీబీసీ రేడియోలో 1967లో మొదలైన ఆట. ఒక్క నిమిషం మాట్లాడాలి, తడబడకూడదు, చెప్పింది మళ్ళీ చెప్పకూడదు, టాపిక్ దాటకూడదు. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న హాస్యగాళ్ళకే కష్టంగా ఉండాలని పెట్టిన రూల్స్ అవి! మనమేమో దాన్ని తీసుకొచ్చి పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లాణ్ణి స్టేజీ మీద నిలబెట్టి స్టాప్‌వాచ్ నొక్కుతున్నాం. ఫలితం ఎలా ఉంటుందంటే, మైసెల్ఫ్ ఫలానా అని మొదలెట్టి, మై స్ట్రెంత్స్ ఆర్ హార్డ్ వర్క్ అండ్ పాజిటివ్ యాటిట్యూడ్ అని, టాపిక్ మొబైల్ ఫోన్ అయితే ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్, సోషల్ మీడియా అయినా అదే కాయిన్, ఆడపిల్లల చదువు అయినా అదే కాయిన్. ఒకసారి ఓ అబ్బాయి గడగడా ఫుల్ నిమిషం చెప్పాడు, క్లాసంతా చప్పట్లు, నేను మధ్యలో రాసుకున్న ఒక్క ప్రశ్న అడిగా, అంతే, అక్కడే ఆగిపోయాడు, బట్టీ పట్టిన దాంట్లో ఆ ప్రశ్న లేదు పాపం. గ్రూప్ డిస్కషన్లో అయితే గొంతు పెద్దగా ఉన్నవాడే లీడరు, మిగతా ఏడుగురూ యా యా అని తలూపుతారు.

అయినా జ్యామ్‌తో ఒక మేలుంది, ఒప్పుకోవాలి. భయం పోతుంది. ముందు నిలబడి నాలుగు కళ్ళు తనని చూస్తుంటే ఏదో ఒకటి మాట్లాడగలిగానన్న ధైర్యం వస్తుంది, అది ఏ పుస్తకమూ ఇవ్వదు.

నాకు కుదిరింది మాత్రం మూడోది. ఎలా మొదలైందంటే ఒకరోజు విసుగొచ్చి క్లాసుకి ఈనాడు, సాక్షి రెండూ పట్టుకెళ్ళా, ఒకే రోజువి, ఒకే ప్రభుత్వ నిర్ణయం మీద మొదటి పేజీ వార్తలు. ఏం తేడా ఉందో చెప్పండి అన్నా, తెలుగులోనే. క్లాసు లేచింది! హెడ్డింగ్‌లో ఏ మాట వాడారు, ఫోటో ఎవరిది వేశారు, ఏ అంకె పైన పెట్టి ఏ అంకె కింద దాచారు, వెనక బెంచీ వాళ్ళు కూడా చెప్పారు. అంటే క్రిటికల్ రీడింగ్ అని మనం పెద్ద పేరు పెట్టి నేర్పించాలనుకునేది వీళ్ళకి ఆల్రెడీ వచ్చు, ఏ పేపర్ ఎవరి వైపో టీ కొట్టు దగ్గర చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగారు. ఇంగ్లీష్ అక్షరాలు కనపడగానే ఆ తెలివి గడప బయట వదిలేసి లోపలికొస్తున్నారు, అంతే తేడా.

ఆ తర్వాత వారం ఇంగ్లీష్‌లోకి మార్చా. దీపావళి రాత్రి నాసా తీసిన ఇండియా ఫోటో అని వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల బొమ్మ మీకూ వచ్చే ఉంటుంది. అది దీపావళి కాదు, అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ళు చాలా ఏళ్ళ శాటిలైట్ డేటా కలిపి చేసిన బొమ్మ, 1992కి ముందే ఉన్న లైట్లు తెలుపు, 1992లో కనపడినవి నీలం, 1998వి ఆకుపచ్చ, 2003వి ఎరుపు. 2012లో నాసానే ఇది దీపావళి ఫోటో కాదని వివరంగా చెప్పింది. ఆ వివరణ ఇంగ్లీష్‌లో చిన్నదే, చదివించి ఎవరు చెప్పారు, ఎలా తెలుసు, ఏం చెప్పలేదు అని మూడే ప్రశ్నలు అడిగా. ఆ మూడోది చాలా ముఖ్యం. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ టెస్టు రీడింగ్‌లో ట్రూ, ఫాల్స్‌తో పాటు నాట్ గివెన్, అంటే ప్యాసేజీలో ఆ సంగతే చెప్పలేదు అని ఉంటుంది, మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది అక్కడే, తెలిసిన విషయం కనపడగానే రాసినాయన అన్నాడో లేదో చూడకుండా ట్రూ కొట్టేస్తారు. ఇప్పుడు మా సెక్షన్లో అదో ఊతపదం అయింది, మొన్న బస్సులో వెళ్తుంటే ఏదో కాలేజీ హోర్డింగ్ మీద 100 శాతం ప్లేస్‌మెంట్స్ అని ఉంది, వెనక సీట్లోంచి ఒకమ్మాయి 'ఎంతమందిలో మేడమ్? నాట్ గివెన్' అంది.

కానీ చదివించి వదిలేస్తే మాట రాదు, ఇది కూడా చూశా. కెనడాలో ఫ్రెంచ్ మీడియంలో ఏళ్ళ తరబడి చదివిన, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు వినటం చదవటం బాగా చేసినా మాట్లాడేటప్పుడు తప్పులు పోలేదని మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో రాసింది, వాళ్ళతో మాట్లాడించటం చాల్లేదని. అందుకే చదివింది వెంటనే పక్కవాళ్ళకి చెప్పిస్తా. 4-3-2 అని పాత పద్ధతి ఒకటుంది, ఒకే విషయం మొదటి మనిషికి నాలుగు నిమిషాల్లో, రెండో మనిషికి మూడు, మూడో మనిషికి రెండు నిమిషాల్లో చెప్పాలి. మొదటిసారి వెతుక్కుంటారు, మూడోసారికి వాక్యాలు వాటంతటవే పడతాయి. విషయం చేతిలో ఉంది కాబట్టి కాయిన్ అవసరం రాదు. ముప్పై జంటలు ఒకేసారి మాట్లాడితే సంతలా ఉంటుందనుకోండి, పక్క క్లాసు సార్ రెండుసార్లు వచ్చి చూసిపోయారు.

దీని కష్టాలూ తక్కువేం కాదు. ప్యాసేజీలు వెతకటం నా ఆదివారాల్ని తినేస్తోంది, యాభై నిమిషాల పీరియడ్‌లో చదవటమే ఇరవై ఐదు పోతుంది, మొదటి నెల ఏ మార్పూ కనపడదు, ఇంటర్నల్ మార్కుల్లో దీనికి గడి కూడా లేదు. తెలుగు మాట్లాడనిస్తున్నానని మా వాళ్ళకి కోపం, ఒక సెక్షన్లో తెలుగు మాటకి పది రూపాయల ఫైన్ పెట్టారు, అక్కడ డబ్బులు రాలేదు, మాటలూ రాలేదు, పిల్లలు నోరు మూసుకున్నారు. ఆలోచన తెలుగులో నడిచి నోట్లోంచి ఇంగ్లీష్ వస్తే నాకు చాలు.

కాబట్టి నన్నడిగితే మొదటి రెండు నెలలు పేపరూ 4-3-2, మూడో నెలలో జ్యామ్, అదీ చదివిన టాపిక్ మీదే, చివర్లో ప్రశ్న తప్పకుండా ఉండాలి. ల్యాబ్ వారానికొకసారి ధ్వనుల కోసం చాలు, ఆ ఒంటి చెవి హెడ్‌ఫోన్ల బదులు కొత్తవి కావాలని అయితే ఇండెంట్ పెట్టి రెండేళ్ళయింది.