ఏడుగురు హీరోలతో గిల్డ్ వార్స్: ఒక ఆటగాడి సమీక్ష

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఒక్కరే నాలుగైదు పాత్రలను ఒకేసారి నడపాలనుకుంటే, అన్ని ఖాతాలు కొని, అన్ని విండోలు తెరిచి, ఒక చోట నొక్కిన కీ మిగతావాటికీ చేరేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ను 2020 నవంబరులో నిషేధించారు. అరీనానెట్ సంస్థ 2005లో విడుదల చేసిన గిల్డ్ వార్స్‌లో ఈ తంటాలేవీ లేవు. 2006 అక్టోబరులో ఈ ఆటలో మూడో భాగమైన నైట్‌ఫాల్ వచ్చినప్పుడు ఆటగాడి ఆజ్ఞల ప్రకారం నడిచే హీరోలను ఆటలోనే ప్రవేశపెట్టారు. మొదట ముగ్గురినే వెంట తీసుకువెళ్లే వీలుండేది, 2011 నుంచి ఏడుగురిని తీసుకువెళ్లవచ్చు. ఎనిమిదిమంది దళాన్ని అనుమతించే ప్రాంతాల్లో ఆ దళం మొత్తం ఒక్కరి చేతిలోనే ఉంటుందన్నమాట.

ఈ ఏర్పాటులో అసలైన పని యుద్ధానికి ముందే, ఊరిలో నిలబడి ఉండగానే మొదలవుతుంది. ప్రతి హీరోకూ ఎనిమిది స్కిల్స్ (యుద్ధంలో వాడే విద్యలు) మాత్రమే ఇవ్వగలం, వాటిలో ఎలైట్ స్కిల్, అంటే మిగతావాటికంటే శక్తిమంతమైనది, ఒక్కటే ఉండాలి. కాబట్టి ఎవరు ఏం చేయాలో, ఎవరి లోటును ఎవరు పూడ్చాలో ముందే ఆలోచించుకోవలసి వస్తుంది. హీరోల్లో నెక్రోమాన్సర్ (మృత్యువుతో ముడిపడిన మంత్రగాడు) అయిన ఒలియాస్‌కు దగ్గరలో ఏ ప్రాణి చనిపోయినా ఎనర్జీ (స్కిల్స్ వాడటానికి ఖర్చయ్యే శక్తి) తిరిగి వస్తుంది. అందుకే శవాల నుంచి అనుచరులను లేపే పనిని నేను అతనికి అప్పగిస్తాను. మెస్మర్ (శత్రువును మాయతో అడ్డుకునే మంత్రగాడు) అయిన నోర్గూ అనే హీరో శత్రువు మంత్రాలను ఎంత వేగంగా మధ్యలో ఆపుతాడంటే, అది నా వేళ్లకు సాధ్యమయ్యే పని కాదని చాలా తొందరగానే ఒప్పుకున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చినవి జెండాలు. మ్యాప్ మీద జెండా పాతిన చోటికి దళం వెళ్లి నిలబడుతుంది. శత్రువుల రెండు గుంపులు దగ్గరదగ్గరగా తిరుగుతున్నప్పుడు, హీరోలను వెనుక మలుపు దగ్గర నిలిపి, నేనొక్కడినే విల్లుతో ముందుకు వెళ్లి, రెండో గుంపు దూరంగా జరిగేదాకా ఓపికగా వేచి, మొదటి గుంపులో ఒకరిని కొట్టి వెనక్కి పరుగెత్తుకొస్తాను. వాళ్లు నన్ను తరుముతూ మలుపు దాటేసరికి ఏడుగురు సిద్ధంగా ఉంటారు. తొందరపడితే రెండు గుంపులూ ఒకేసారి మీద పడతాయి. చనిపోయిన ప్రతిసారీ ఆరోగ్యమూ ఎనర్జీ 15 శాతం చొప్పున, గరిష్ఠంగా 60 శాతం దాకా తగ్గిపోతాయి గనుక ఆ తప్పు చాలాసేపు వెంటాడుతుంది. హీరో స్కిల్‌ను షిఫ్ట్ కీ నొక్కి క్లిక్ చేస్తే అతను దానిని తనంతట తాను వాడడు. సరైన క్షణంలో మనమే వాడించవచ్చు. ఈ సంగతి తెలియక నేను నెలల తరబడి విలువైన స్కిల్స్‌ను వృథా కానిచ్చాను.

లోపాలు లేకపోలేదు. ఏడుగురి కవచాలకూ రూన్‌లు (ధరించినవారి బలాన్ని పెంచే మంత్ర చిహ్నాలు) అమర్చాలంటే ఆటలోని బంగారం చాలా ఖర్చవుతుంది, కొత్తవారికి అది నిజంగా భారమే. అంతకంటే నన్ను బాధించేది ఊళ్ల నిశ్శబ్దం. ఒకప్పుడు మిషన్‌కు తోడు కావాలంటే ఊరిలో నిలబడి సాటి ఆటగాళ్లను అడగవలసి వచ్చేది. ఏడుగురు హీరోలు దొరికాక ఆ అవసరం పోయింది, దానితో పాటు అపరిచితులతో కలిసి ఓడి, కలిసి గెలిచే అనుభవమూ చాలావరకు పోయింది. అయినా రాత్రి పిల్లలు నిద్రపోయాక గంటసేపు మాత్రమే తీరిక దొరికే నాలాంటివారికి, మధ్యలో లేచి వెళ్లినా ఎవరినీ వేచి ఉండేలా చేయని దళం దొరకడం పెద్ద మేలు.

నెలవారీ చందా లేదు, ఒకసారి కొంటే చాలు. సాధారణమైన పాత కంప్యూటర్‌లో కూడా ఆట చక్కగా నడుస్తుంది. హీరోల కోసమే కొనేవారు నైట్‌ఫాల్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో కోస్ అనే యోధుడు కథ ఆరంభంలోనే మీ వెంట వస్తాడు, జెండా పాతడం అతనితోనే నేర్చుకోవచ్చు.