బట్లర్ ఇంటిపేరు చరిత్ర పత్రం: ఫ్రేముకు మార్కులు, చరిత్రకు కోతలు

ఐర్లాండ్ జ్ఞాపికల దుకాణాల్లో అమ్మే ఈ పత్రంలో మూలం సరిగ్గానే ఉంటుంది. బట్లర్ అంటే నార్మన్ ఫ్రెంచిలో 'బుతేయ్యే', అంటే సీసాల మనిషి, ద్రాక్షసారా కొట్టు అధికారి. మన 'బట్లర్ ఇంగ్లీషు'లో ఉన్న బట్లరూ ఇతని వారసుడే.

చిక్కంతా తర్వాతే. 1185లో ఇంగ్లండ్ యువరాజు జాన్ వెంట ఐర్లాండ్ వెళ్లిన థియోబాల్డ్ వాల్టర్ అక్కడి ప్రధాన బట్లర్ అయ్యాడు. ఓడల్లో దిగే ద్రాక్షసారాలో సుమారు పదో వంతు ఆ వంశానిది. ఆ హక్కును 1811లో ప్రభుత్వం 2,16,000 పౌండ్లిచ్చి తిరిగి కొనుక్కుంది! ఇంత రసవత్తరమైన సంగతిని చాలా పత్రాలు వదిలేసి, బట్లర్లందరినీ ఈ వంశంలో కలిపేస్తాయి. పని పేరు కదా, ఏ ప్రభువు కొట్టు చూసినవాడికైనా అంటుకుంటుంది.

పత్రం మీద ఇంటిపేరుదంటూ వేసే రంగుల డాలు చిహ్నం మరీ అన్యాయం. ఇంగ్లండ్ పద్ధతిలో చిహ్నం వ్యక్తికీ అతని సంతతికీ చెందుతుంది, ఇంటిపేరుకు కాదు.

గోడకైతే కొనండి. వంశవృక్షానికైతే తాతల నుంచి వెనక్కి వెళ్లండి. ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. అంతకు ముందు 'లె బొటిలర్' వంటి రూపాలూ వెతకాలి. ఈ పత్రానికి నా మార్కులు: అయిదుకు రెండు.