కాళ్ళు నేలకానిన బండి: వల్కన్ ఎస్‌తో ఐదేళ్ళు

నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. పెద్ద బండి కొందామని షోరూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మునివేళ్ళ మీద నిలబడి, సేల్స్ అబ్బాయిని చూసి ఓ నవ్వు నవ్వి దిగొచ్చేసేవాణ్ణి. 2019లో కవాసాకి కంపెనీ బైక్ వల్కన్ ఎస్ ఎక్కినప్పుడు మాత్రం రెండు పాదాలూ మడమలతో సహా నేలకానాయి. సీటు ఎత్తు 705 మిల్లీమీటర్లే. ఆ రోజు ఇంకే లెక్కా చూడలేదు. ఐదేళ్ళు నడిపి, 38 వేల కిలోమీటర్లు తిరిగాక మిగతా లెక్కలు ఒక్కొక్కటే అర్థమయ్యాయి.

బండి ఇంటికి తెచ్చాక మా నాన్న ఒకసారి ఎక్కి కూర్చుని, “ఒరేయ్, ఇది బండి కాదురా, పడక్కుర్చీ” అన్నారు. నాకు మాత్రం మొదటి నెల కాస్త వెలితిగానే ఉంది. బుల్లెట్‌కి అలవాటు పడ్డ చెవులు నావి. క్రూయిజర్ (కాళ్ళు ముందుకు చాచి తీరిగ్గా నడిపే బండి) అంటే డుగ్గు డుగ్గు అనాలనుకున్నాను. ఇది అనదు. ఇందులో ఉన్నది కవాసాకి స్పోర్ట్స్ బైక్ నింజా 650 ఇంజనే. నా పాత బుల్లెట్ 350లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90. నిలువుగా ఉండే చెంబులాంటిది. దీనిలో 83, 60. వెడల్పాటి గిన్నె. పిస్టన్ తక్కువ దూరం కదులుతుంది కాబట్టి ఇంజన్ చకచకా పై ఆర్‌పీఎమ్‌కి (నిమిషానికి తిరిగే చుట్లు) వెళ్ళిపోతుంది. టార్క్, అంటే లాగే బలం, అంతా అందేది 6,600 ఆర్‌పీఎమ్ దగ్గర. క్రూయిజర్ కోసం ఫ్లైవీల్ (ఇంజన్ తిరుగుడు నిలకడగా ఉంచే చక్రం) బరువు పెంచి, వాల్వులు తెరిచే క్యామ్‌లు మార్చారు కాబట్టి తక్కువ ఆర్‌పీఎమ్‌లో కూడా మెత్తగానే లాగుతుంది. అలాగని బుల్లెట్ అలవాటులో నలభైకే టాప్ గేర్ వేస్తే మాత్రం మూలుగుతుంది. ఇంకో గేర్ కింద ఉంచి తిప్పడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత మంగళగిరి దాటి గుంటూరు వైపు ఖాళీ హైవే దొరికిన పొద్దున, ఇది క్రూయిజర్ వేషం కట్టిన వేరే బండి అని తెలిసింది.

ఫుట్‌పెగ్‌లు (పాదాలు పెట్టే కడ్డీలు) మామూలు చోట ఉంటే నా కాలు పూర్తిగా చాచాల్సి వచ్చేది. గంట నడిపితే నడుం పట్టేసేది. ఈ బండి ఫ్రేమ్‌కి పెగ్‌లు బిగించే చోట్లు మూడున్నాయి, ఒక్కోదానికీ మధ్య 25 మిల్లీమీటర్లు. వెనక్కి జరిపించుకున్నాను. పెగ్‌తో పాటు గేర్ లివర్, బ్రేక్ పెడల్ కూడా జరుగుతాయి కాబట్టి వాటిని కలిపే కడ్డీలు, అంటే లింకేజీ, సరిచేయించాలి. అంగుళమే. కానీ ఆ అంగుళంతో శ్రీశైలం దాకా వెళ్ళొచ్చాను.

ఇక అసలు సంగతి, ఎత్తు తగ్గించడానికి ఇచ్చుకున్న మూల్యం. సీటు కిందకి రావాలంటే వెనక షాక్ అబ్జార్బర్ నిలువుగా పట్టదు. అందుకే దాన్ని పక్కకి జరిపి, దాదాపు పడుకోబెట్టారు. వెనక చక్రం కదిలేది 80 మిల్లీమీటర్లే. సైలెన్సర్‌నీ ఇంజన్ కిందకే తెచ్చారు. బరువంతా కిందే ఉంది కాబట్టి 235 కిలోల బండిని స్టాండ్ మీంచి లేపితే అంత బరువనిపించదు. అదే కారణంతో నేలకీ బండికీ మధ్య మిగిలింది 130 మిల్లీమీటర్లు. మా కాలనీలో ఎవరో సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్ ఒకటుంది. మా ఆవిడ వెనక కూర్చుని ఉండగా దాని మీద నిటారుగా ఎక్కించాను. కింద గర్రుమంది. “ఏం పోయింది?” అంది తను. “సిమెంట్” అన్నాను. నిజానికి సైలెన్సర్ మీద జానెడు గీత పడింది. ఇప్పుడు వెనక మనిషి ఉంటే ముందే ప్రీలోడ్ (వెనక స్ప్రింగ్ బిగుతు) రెండు మెట్లు పెంచుతాను, ఎత్తుగా ఉన్నవాటిని ఏటవాలుగా దాటుతాను.

ముందు ఒకటే డిస్క్ బ్రేక్ అని కొందరు పెదవి విరుస్తారు. దీని వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) 1,575 మిల్లీమీటర్లు, కూర్చునే తీరులో బరువు వెనక్కి ఉంటుంది. అందుకే వెనక బ్రేక్ కూడా గట్టిగా వాడితే చక్కగా ఆగుతుంది. ముందు బ్రేకే నమ్ముకునే అలవాటున్నవాళ్ళకి కష్టం. ఇదే పొడవు వల్ల బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకునేటప్పుడు ఆటోవాళ్ళ తిట్లు తినాలి.

మైలేజీ నాకు 22 దాకా వస్తోంది, ట్యాంకు 14 లీటర్లు. రోహిణీ కార్తెలో బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర ఇంజన్ని చల్లబరిచే ఫ్యాన్ తిరిగిందంటే ఆ వేడిగాలి కాళ్ళకే. ఆ నెల ఆఫీసుకి స్కూటరే.

చైన్ విషయంలో ఒక జాగ్రత్త. ఒకచోట సర్వీస్ చేయిస్తే, బిగుతుగా ఉంటేనే మంచిదని తీగలా లాగి పంపించారు. ఇంటికొచ్చి వేలితో నొక్కితే కదల్లేదు; చైన్ కాస్త ఊగాలి. మళ్ళీ వదులు చేయడానికి ఆటోనగర్‌లో పది నిమిషాలు పట్టింది. సర్వీస్ ఎక్కడ చేయించినా ఆ వేలి పరీక్ష అక్కడే చేసుకోండి.

ముందు టైరు 18 అంగుళాలది, 120/70. అడిగిన వెంటనే తీసిచ్చే షాపు ఊళ్ళో నాకు దొరకలేదు. అరిగేదాకా ఆగకుండా ముందే చెప్పి ఉంచాలి. నాది మొన్నే చెప్పాను, వారంలో వస్తుందన్నారు. అది మూడు వారాల కిందటి మాట.