స్లీపింగ్ బ్యాగ్: డౌన్ మేలా, సింథటిక్ మేలా? ముందు కింద పరిచేది చూడండి

స్లీపింగ్ బ్యాగ్ కొందామని కూర్చుంటే ముందు అంకెలు మీద పడతాయి. 800 ఫిల్ పవర్, కంఫర్ట్ 0, లిమిట్ మైనస్ 5, ఆర్-వ్యాల్యూ 3.2, 20డి నైలాన్. ఏ అంకె పెద్దదైతే ఆ వస్తువు మంచిదనుకుని కొనేయాలనిపిస్తుంది. మొదటిసారి నేనూ అదే చేశాను. బ్యాగ్ మంచిదే వచ్చింది, అయినా రాత్రంతా వణికాను. తప్పు బ్యాగ్‌ది కాదని తెలియడానికి ఇంకో రెండు ట్రెక్కులు పట్టాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు అసలు తగువు తేల్చుకుందాం. లోపల డౌన్ ఉన్న బ్యాగా, సింథటిక్ ఉన్నదా?

డౌన్ అంటే ఈకలని చాలామంది అనుకుంటారు. అది బాతుకో పెద్దబాతుకో పై ఈకల అడుగున, ఒంటిని అంటుకుని ఉండే మెత్తటి నూగు. ఈకకు ఉండే గట్టి కాడ దానికి ఉండదు. నడిమి నుంచి అన్ని వైపులకూ సన్నటి పోగులు విచ్చుకుని ఉంటాయి. ఆ పోగుల్లో చిక్కుకున్న గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. సింథటిక్ బ్యాగ్‌లోనూ జరిగేది ఇదే, అక్కడ గాలిని పట్టుకునేవి పాలిస్టర్ పోగులు. తడిస్తే చతికిలబడే డౌన్‌కు బదులు ఇంకేదైనా కావాలని అమెరికా సైన్యం కోరితే 1980లలో తయారైన ప్రిమాలాఫ్ట్ ఈ కోవలోదే.

బరువు విషయంలో డౌన్‌దే పైచేయి. అంతే వెచ్చదనమిచ్చే సింథటిక్ బ్యాగ్ బరువూ ఎక్కువ తూగుతుంది, నొక్కి కుక్కినా బ్యాక్‌ప్యాక్‌లో ఎక్కువ చోటు తింటుంది. ఇక్కడ ఫిల్ పవర్ అన్న మాట అర్థం చేసుకోవాలి. ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల డౌన్‌ను ఒక గొట్టంలో వేసి, పైన ఇంతని లెక్క ఉన్న బరువు పెడతారు. అప్పుడు అది ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో అదే ఫిల్ పవర్. 800 అంటే ఆ 28 గ్రాముల నూగు 13 లీటర్ల చోటు నింపుతుందన్నమాట. 600 అయితే పది లీటర్లకు కాస్త తక్కువ.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫిల్ పవర్ చెప్పేది నూగు నాణ్యత ఒక్కటే. బ్యాగ్‌లో ఎంత నూగు పోశారో చెప్పేది ఫిల్ వెయిట్. రెండూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. 800 రకం నూగు 300 గ్రాములు, 600 రకం నూగు 400 గ్రాములు ఒకే కొలత బ్యాగుల్లో పోస్తే రెండూ ఇంచుమించు ఒకేలా పొంగుతాయి. తేడా అల్లా భుజం మీద పడే 100 గ్రాములే. 900 ఫిల్ పవర్ అని పెద్దక్షరాలతో రాసి, నూగు ఎన్ని గ్రాములో ఎక్కడా చెప్పని బ్యాగ్‌ను నేను నమ్మను.

తడి దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. బాగా తడిసిన డౌన్ ఉండలు కడుతుంది, పొంగు పోతుంది, దాంతోపాటే వెచ్చదనమూ పోతుంది. ఆరడానికి చాలా టైమ్ పడుతుంది. సింథటిక్ తడిసినా కొంత పొంగు నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది. నూగుకు నీళ్లు అంటకుండా మందు పట్టించిన హైడ్రోఫోబిక్ డౌన్ కూడా దొరుకుతోంది. చెమ్మను అది బాగానే తట్టుకుంటుంది కానీ, వానలో నానబెట్టమని దానర్థం కాదు. మన్నికలో మాత్రం డౌన్ మళ్లీ ముందుకొస్తుంది. మాటిమాటికీ నొక్కి కుక్కితే సింథటిక్ పోగులు నలిగి పలచబడిపోతాయి. జాగ్రత్తగా వాడిన డౌన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏదైనా సరే, ఇంటికొచ్చాక చిన్న సంచిలోంచి తీసి వదులుగా ఉంచాలి.

నన్నడిగితే, ఏడాదికి ఒకటి రెండుసార్లు వానాకాలంలో వెళ్లేవాళ్లకు సింథటిక్ చాలు, టెన్షన్ ఉండదు. పొడి చలిలో రోజుల తరబడి మోసుకుంటూ నడిచేవాళ్లకు డౌన్.

ఇక ఉష్ణోగ్రత అంకెలు. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం ఒంటి వేడి పుట్టించే బొమ్మకు లోదుస్తులు, సాక్సులు తొడిగి, మ్యాట్ మీద బ్యాగ్‌లో పడుకోబెట్టి కొలుస్తారు. కంఫర్ట్ అంటే ఒక సగటు మహిళ వదులుగా పడుకుని చలి లేకుండా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ఒక సగటు మగవాడు ముడుచుకు పడుకుని ఎనిమిది గంటలు మేలుకోకుండా ఉండగలిగినది. ఆ సగటు మగవాడికి 25 ఏళ్లు, 173 సెంటీమీటర్లు, 73 కిలోలు. మీరు అతనే అయితే లిమిట్ చూసుకోండి. ఎక్స్‌ట్రీమ్ అన్న మూడో అంకె నిద్రకు సంబంధించినదే కాదు, ఆరు గంటలు ప్రాణం నిలిచే హద్దు. అప్పుడు కూడా చలికి వేళ్లు దెబ్బతినొచ్చు. బ్యాగ్ పేరులో వేసే అంకె చాలాసార్లు లిమిట్‌దే అయి ఉంటుంది. నేను కంఫర్ట్ తప్ప ఇంకోటి చూడను, అందులోనూ రెండు మూడు డిగ్రీలు చేతిలో ఉంచుకుంటాను.

ఇప్పుడు ఆ వణికిన రాత్రి సంగతి. పైన, పక్కల వెచ్చగానే ఉంది. వీపు, తుంటి మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టున్నాయి. కారణం చిన్నదే. మన బరువుకు బ్యాగ్ అడుగు భాగం నలిగిపోతుంది, అక్కడ గాలి మిగలదు, గాలి లేనిచోట డౌన్ ఎంత మంచిదైనా దండగే. నేల చలిని ఆపాల్సింది మ్యాట్. నేను పరిచింది పలచటి యోగా మ్యాట్. వెనక భాగమే లేకుండా కుట్టిన క్విల్ట్‌లను అమ్ముతున్నారంటే అందుకే: నలిగిపోయే నూగును మోయడం ఎందుకని.

నేలలోకి పోయే ఒంటి వేడిని మ్యాట్ ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పేది ఆర్-వ్యాల్యూ. మునుపు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలిచేది, పోల్చుకోవడానికి వీలుండేది కాదు. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే పద్ధతి వచ్చాక, 2020 ప్రాంతం నుంచి పేరున్న కంపెనీలు చాలావరకు అందరూ ఒకేలా కొలుస్తున్నారు. మడతపెట్టే ఫోమ్ మ్యాట్ ఆర్-వ్యాల్యూ సుమారు 2 ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పురవ్వ పడినా దాని పని ఆగదు, టీ తాగేటప్పుడు పీటలా వేసుకోవచ్చు. కానీ తుంటి ఎముక నేలకు తగులుతూనే ఉంటుంది. గాలి ఊదే మ్యాట్ వాటర్ బాటిల్ అంత చుట్టలో ఇమిడిపోతుంది, 3 నుంచి 5, ఆ పైన కూడా ఇస్తుంది, మెత్తగానూ ఉంటుంది. అర్ధరాత్రి చిల్లు పడిందంటే మాత్రం ఆర్-వ్యాల్యూ ఇంచుమించు సున్నా. రెంటికీ మధ్యస్థంగా, వాల్వ్ తిప్పగానే తనే గాలి పీల్చుకునే సెల్ఫ్-ఇన్‌ఫ్లేటింగ్ రకం ఉంది. దీన్ని 1970ల మొదట్లో సియాటిల్‌లో బోయింగ్ ఉద్యోగం పోయిన ఇంజనీర్లు తయారుచేశారు. తోటపనిలో మోకాళ్ల కింద వేసుకునే ఫోమ్ ముక్క నొక్కితే గాలి వదలడం చూసి ఆ ఆలోచన తట్టిందట.

ఆర్-వ్యాల్యూలు కూడుకోవచ్చు. 2 ఉన్న ఫోమ్ మీద 3 ఉన్న గాలి మ్యాట్ వేస్తే 5. గట్టి చలిలో నేను చేసేది ఇదే. పైది చిల్లుపడ్డా కింద ఏదో ఒకటి మిగులుతుంది. ఉన్న డబ్బులో బ్యాగా, మ్యాటా అని ఒకటే మంచిది కొనగలిగితే, నా ఓటు మ్యాట్‌కే. బ్యాగ్ చాలకపోతే ఇంకో స్వెటర్ వేసుకోవచ్చు, వీపు కింద నలిగే స్వెటర్ పెద్దగా సాయపడదు.

టెంట్ మాటలు గబగబా చెప్పేస్తాను. ఫోర్-సీజన్ అంటే ఏడాది పొడుగునా వాడేదని మోసపోకండి. అది మంచు బరువునూ పెనుగాలినీ తట్టుకునేది, ఎండాకాలంలో ఉడికిపోతారు. మామూలు ట్రెక్కులకు త్రీ-సీజన్, అంటే గట్టి మంచు కాలం తప్ప మిగతా కాలాలకు సరిపోయేది మేలు. ఒంటిపొర టెంట్ తేలిక, కానీ మన ఊపిరి తడి లోపలి గోడకు పట్టి బ్యాగ్ మీద పడుతుంది, అందుకే డౌన్ వాడేవాళ్లకు రెండుపొరలదే చెబుతాను. డెనియర్ అంటే 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో, 20డి అంటే 20 గ్రాములు. అది దారం లావే, నీళ్లు ఆపే శక్తి కాదు. దానికి హైడ్రోస్టాటిక్ హెడ్ చూడాలి: గుడ్డ మీద ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు నిలబెడితే కారడం మొదలవుతుందో అది.

టూ-పర్సన్ అన్న మాట ఇంకో చిక్కు. ఆ పేరుతో వచ్చే చాలా టెంట్ల నేల తల వైపు 130 సెంటీమీటర్ల దరిదాపుల్లో, కాళ్ల వైపు ఇంకా సన్నగా ఉంటుంది. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెంటీమీటర్లు, రెండు పరిస్తే 102, సరిపోతాయి. భుజాలు విశాలంగా ఉన్నాయని ఇద్దరూ 64 సెంటీమీటర్ల వైడ్ మ్యాట్లు తెచ్చుకుంటే 128. అప్పుడు కాళ్ల వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, బ్యాగుల అంచులు తడి గోడకు రాసుకుంటాయి.