గడువు లెక్క ఆపడమా, జాప్యాన్ని మన్నించడమా: ఏది మేలు?

"లాక్‌డౌన్‌లో ఊరెళ్లిపోయాం, అప్పీలు గడువు దాటిపోయింది, ఇప్పుడెలా?" బెంగళూరులో బిల్డింగు పనులు చేసే అనంతపురం, కడప జిల్లాల వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మళ్లీ కరోనా లాంటి రోగమే వస్తే కూలివాడికి ఏ పద్ధతి అక్కరకొస్తుందో చూద్దాం.

మొదటిది, లెక్క ఆపేయడం. సుప్రీంకోర్టు చేసింది ఇదే. 2022 జనవరి 10 నాటి ఉత్తర్వు ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులు కాలపరిమితిలోకి, అంటే కోర్టుకు వెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు లెక్కలోకి, రావు. ఆ మధ్యలో గడువు ముగిసినవారికి 2022 మార్చి 1 నుంచి కనీసం 90 రోజులు దొరికాయి. ఉదాహరణకు, పనిలో గాయపడ్డవారికి నష్టపరిహారంపై కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వు మీద హైకోర్టుకు 60 రోజుల్లో వెళ్లాలి. ఉత్తర్వు 2020 ఫిబ్రవరి 10న వచ్చిందనుకుంటే మార్చి 15 నాటికి మిగిలింది 26 రోజులే. అయినా 90 రోజులు దక్కాయి, కారణం చెప్పే పని లేకుండా.

రెండోది, కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద జాప్యాన్ని మన్నించమని అడగడం. అప్పీలుతో పాటు వేరే దరఖాస్తు, అఫిడవిట్ (ప్రమాణ పత్రం) పెట్టాలి. "కరోనా వల్ల రాలేకపోయాను" అన్న ఒక్క ముక్క చాలదు. గడువు ముగిసిన రోజు నుంచి దాఖలు చేసిన రోజు దాకా ఏం జరిగిందో తేదీలతో చెప్పాలి, కాగితాలు జతచేయాలి. అసలు తేడా ఇక్కడే ఉంది. నడిచి ఊరు చేరినవాడి దగ్గర టికెట్ ఉండదు. గది ఖాళీ చేసినవాడికి ఆ చిరునామాకు వచ్చిన ఉత్తర్వు అందదు. ఎవరికి సాయం ఎక్కువ కావాలో వాళ్ల దగ్గరే రుజువులు తక్కువ. అందుకే నా మొగ్గు మొదటిదానికే.

కొత్త ఆఖరి తేదీ ప్రకటించడం మూడో దారి. కోవిడ్ మృతుల కుటుంబాలకిచ్చే 50,000 రూపాయలకు 2022 మార్చి 24 నుంచి 60 రోజులు ఇచ్చారు. ఆ కబురు అందనివాడికి ఆ తేదీ ఉన్నా లేనట్టే.

అయితే సుప్రీంకోర్టు ఉత్తర్వు కోర్టులకు, అలాంటి విచారణాధికారం ఉన్న సంస్థలకు మాత్రమే వర్తించింది. ఆఫీసు కౌంటర్లో ఇచ్చే దరఖాస్తులకు ఆ రక్షణ లేదు. పీఎఫ్ పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ గడువును 2021 ఫిబ్రవరి 28 దాకా విడిగా పెంచాల్సి వచ్చింది. ఈసారి లెక్క ఆపితే ఆ కౌంటర్లనూ కలపాలి. అంతవరకు కాగితాలన్నీ చేతికొచ్చేదాకా ఆగొద్దు. ముందు దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు, నకలు దాచుకోండి. ఉత్తర్వు వచ్చిన కవరు కూడా పారేయొద్దు, ఎప్పుడు అందిందో చెప్పడానికి దాని మీది పోస్టాఫీసు ముద్ర పనికొస్తుంది.